తాత మెడ ఎక్కిన పిల్ల

గత జూన్ నుంచి ఈ మార్చి దాకా నేను పదకొండు నవలలు పైకి చదివాను. అన్నీ పన్నెండు, పదహారేళ్ళ మధ్య పిల్లల కోసం రాసినవే. పన్నెండోది మాత్రం నా చేతికి రాలేదు. పాత పెళ్ళికార్డుకు బ్లేడుతో కోసిన చిన్న కిటికీలోంచి, ఒక్కో అక్షరం చొప్పున చూశాను. ఈ ఏడాది పుస్తకాల్లో ఏది గొప్పదని అడిగితే తడుముకోకుండా ఆ పన్నెండోదే అంటాను. అది సోమక్క పుస్తకం. కాబట్టి ముందు సోమక్క గురించి చెప్పాలి.

రాష్ట్ర సరిహద్దుకు అవతల, హిందీ వైపున్న మా కుంట ఊళ్ళో సోమక్క ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నలభై దాటాయి. మొగుడు ఉప్పలయ్య వానాకాలం వరి వేస్తాడు, మిగతా రోజులు శబరి ఏట్లో వల వేస్తాడు. ఒక పూట వంట అయ్యేలోపు ఆమె నోట్లో నాలుగు భాషలు తిరుగుతాయి. కూరగాయలామెతో తెలుగు, హాస్టల్ చూసుకునే అధీక్షిక మేడంతో హిందీ, తన కింద పనిచేసే హుంగేతో దోర్లీ, కొత్తగా చేరి ఏడ్చే చిన్నపిల్లలతో గోండి. ఎనిమిదో తరగతి దాకా చదివింది. హిందీ పేపరు నాకన్నా వేగంగా చదువుతుంది. తెలుగు ఆమె తల్లిభాష. కానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

మా దగ్గర ఇది వింతేమీ కాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్పేది హిందీ. మా వీధిలో సగం మంది ఫోన్‌లో తెలుగు మాటలనే హిందీ అక్షరాల్లో కొడతారు. పెళ్ళిపాటలు కూడా అలాగే రాసుకుంటారు. నేను హన్మకొండలో ఎం.ఏ. తెలుగు చదివి వచ్చానంటే, "అవునా, ఆ అక్షరాలన్నీ వచ్చా నీకు?" అని అడిగిన పెద్దవాళ్ళున్నారు. సాయంత్రాలు హాస్టల్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు రాదు. మౌఖిక పరీక్షలో నా మాట వినిపించక పరీక్షకుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అలాంటి నన్ను పట్టుకుని సోమక్క ఒకరోజు వంటింట్లో కూర్చోబెట్టింది.

"సుశీలా, బిడ్డా, నా కొంప మునిగింది. నువ్వే గట్టెక్కించాలె."

ఆమె కూతురు బిందు భద్రాచలంలో మేనమామ ఇంట్లో ఉండి ఆరో తరగతి నుంచి తెలుగు మీడియంలో చదువుతోంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆదివారం ఆదివారం ఫోన్. మొదట్లో గంటసేపు మాట్లాడే పిల్ల ఏటేటా తగ్గిపోయింది. చివరికి "తిన్నవా?" "తిన్న." "మంచిగున్నవా?" "ఆఁ." అంతటితో అయిపోయేది. జూన్‌లో ఒకరోజు ఆ పిల్లే ఉత్సాహంగా మాట్లాడిందట. వాళ్ళ బడి లైబ్రరీలో పెద్దపిల్లల నవలలు ఇంటికిస్తున్నారట. ఆమె దోస్తు వాళ్ళమ్మ కూడా అవి చదువుతుందట, కథ గురించి తల్లీకూతుళ్ళు కొట్లాడుకుంటారట.

"'నీకొకటి పంపనా అమ్మా, చదువుతవా?' అన్నది. ఎంత ఆశగ అడిగింది బిడ్డా! 'పంపు, నేను చదవనా ఏంది?' అన్న. ఆ ఏంది అన్న మాటే నన్ను ముంచింది."

తల్లి హిందీ పేపరు, మందుల డబ్బా, బస్సు బోర్డు అన్నీ చదవడం చూస్తూ పెరిగిన పిల్ల. అమ్మకు తెలుగు అక్షరాలు రావేమోనన్న అనుమానమే ఆమెకు రాలేదు.

"అక్షరాలు నేర్పుతాను అక్కా. మీకు హిందీ వచ్చు కదా, నెల పట్టదు," అన్నాను.

"ఈ వయసుల అ ఆలా? పిల్లలు చూస్తే పళ్ళికిలిస్తరు. నువ్వు చదువు, నేను వింట. ఆదివారం నేను మాట్లాడుకుంట."

అలా మొదలైంది. శుక్రవారం భద్రాచలం బస్సు కండక్టర్ గుడ్డసంచిలో పుస్తకం తెచ్చేవాడు. మధ్యాహ్నం రెండింటికి, పిల్లలు బడిలో ఉన్న వేళ, గిన్నెలు తోమడం అయ్యాక మేం కూర్చునేవాళ్ళం. సోమక్క రాత్రి వంటకు బియ్యం ఏరేది, నేను చదివేదాన్ని. హుంగేకి తెలుగు సగమే అర్థమవుతుంది. ప్రతి పేజీకి "ఫిర్?" అని, తర్వాతేమైందని అడిగేది. నేను కాస్త ఆగితే ఇద్దరూ చేతుల్లో పని ఆపి నన్ను చూసేవాళ్ళు. జీవితంలో మొదటిసారి నా గొంతు కోసం ఎవరో ఎదురుచూశారు.

నిజం చెప్పాలంటే ఆ పుస్తకాలను నేను మొదట చిన్నచూపు చూశాను. ప్రబంధాల్లో వర్ణనల మీద వ్యాసం రాసి వచ్చినదాన్ని, పిల్లల నవల ఏముంటుందిలే అనుకున్నాను. మొదటిది తండ్రి పడవను దొంగిలించి ఏరు దాటి బడికి పోయే పిల్ల కథ. నాలుగో అధ్యాయంలో ఆ పడవకు చిల్లు పడింది. ఆరోజు చదువుతూ చదువుతూ నేనే లేచి నిలబడ్డానని హుంగే చెప్పేదాకా నాకు తెలియదు. ఆ నవలల్లో ఎవరూ ఊరికే కూర్చోరు. పదిహేనేళ్ళ పిల్లకు అన్నీ మొదటిసారే కదా. మొదటి అబద్ధం, మొదటి స్నేహితురాలు, మొదటిసారి తండ్రికి ఎదురు చెప్పడం. చదువుతుంటే అరచేతులు చెమటలు పట్టేవి.

సోమక్క పుస్తకాల పేర్లు గుర్తుపెట్టుకోదు. పడవ పిల్ల, గంట దొంగలు, మాట్లాడుకోని దోస్తులు, చెవిటి సైకిల్ పిల్ల అంటూ తనే పేర్లు పెట్టుకుంది. నచ్చకపోతే మొహమాటపడదు. ఒక నవల్లో పిల్ల ప్రతి అధ్యాయంలో కిటికీ దగ్గర కూర్చుని ఆకాశం చూస్తుంటే, "దీనికి ఇంట్ల పని లేదా? ఒక్క పూటన్నా గిన్నె కడగదేంది?" అంది. చెవిటి పిల్ల సైకిల్ పందెం రోజు మాత్రం చారు పొంగి పొయ్యి ఆరిపోయినా చూడలేదు. ఆ రాత్రి హాస్టల్ పిల్లలు సగం చారే తిన్నారు. జూలైలో శబరి పొంగి రోడ్డు మునిగి బస్సులు ఆగిపోయాయి. మూడో పుస్తకం అవతల చిక్కుకుంది. రోజూ పొద్దున ఒడ్డుకు పోయి నీళ్ళు చూసొచ్చి, "జానెడు తగ్గింది," అని ఆమె నాకు కబురు చెప్పేది.

విన్నది మరిచిపోకుండా ఆమె పాత నోటుపుస్తకంలో ముఖ్యమైన వాక్యాలు రాసుకునేది. తెలుగు మాటలు, హిందీ అక్షరాలు. ఆదివారం పొద్దున దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫోన్ చేసేది. తిన్నవా, తిన్న అన్న మాటలు పోయి, "ఆ తండ్రిది తప్పు కాదా మరి?" "కాదే, ఆయనకు పడవే గదా తిండి!" అని తల్లీకూతుళ్ళు నలభై నిమిషాలు అరుచుకునేవాళ్ళు. మేనమామ తన ఫోన్ తనకివ్వమని అవతల మొత్తుకునేవాడు. ఫోన్ పెట్టేసిన సోమక్క మొహం చూడాలి. కొత్తచీర కట్టుకున్నట్టు ఉండేది.

అక్టోబరులో దొరికిపోయేంత పనైంది.

ఆ నవల్లో పట్నంలో చదివే ఒక పిల్ల బడిలో అవమానం జరిగితే వాళ్ళ తాత ఇంటికి పారిపోతుంది. 'తాత మేడ ఎక్కి మూడు రోజులు దిగలేదు' అని ఒక వాక్యం. అది చదువుతుండగానే గ్యాసు బండి వచ్చింది. సోమక్క ఆ వాక్యం గబగబా రాసుకుని సిలిండర్లు దింపించుకోవడానికి లేచింది. ఆ అధ్యాయం అయిపోయిందనుకుని మర్నాడు నేను తర్వాతిది మొదలుపెట్టాను. హిందీలో ఏ ఒక్కటే. పొట్టి ఎ లేదు. మెడ రాసినా, మేడ రాసినా ఒకేలా ఉంటుంది. పైగా మా వైపు రెండంతస్తుల ఇంటిని బంగ్లా అంటారు, మేడ అని ఎవరూ అనరు.

ఆ ఆదివారం నేను సోమక్క వాకిట్లోనే ఉన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"ఆ పిల్లది మరీ మొండి గాకపోతే, తాత మెడ ఎక్కి మూడు దినాలు దిగదా? ముసలాయన ఏమైపోవాలె?" అంది సోమక్క, నోటుపుస్తకం చూస్తూ.

అవతల బిందు నవ్వు. ఊపిరాడని నవ్వు.

"అమ్మా! తాత మెడ విరగలేదా? మూడు దినాలు దాన్ని ఏసుకొనే తిరిగిండా?"

"నవ్వుతవేందే?"

"మేడ అమ్మా, మేడ! బంగ్లా! దీర్ఘం ఉన్నది గదా పుస్తకంల!" నవ్వు ఆగింది. "అమ్మా, నువ్వు చూసి చదువుతున్నవా?"

సోమక్క నా వైపు చూసింది.

"చూడక ఏం చేస్త? కండ్లద్దాలు లేవు నాకు. అక్షరాలు అలుక్కుపోతున్నయి."

ఆ తర్వాత పుస్తకాలు రావడం ఆగలేదు. మాటలూ ఆగలేదు. కానీ సోమక్క నోట్లో మాట తూచి తూచి వచ్చేది. రాసుకున్న ప్రతి వాక్యం నాతో మూడుసార్లు చెప్పించుకునేది.

మార్చి మొదటి శుక్రవారం వచ్చిన సంచిలో అచ్చు పుస్తకం లేదు. నీలం అట్ట నోటుపుస్తకం ఉంది. ఇరవై రెండు పేజీలు, నిండా బిందు చేతిరాత. ఆ పిల్ల సొంతంగా కథ రాసింది! హైదరాబాదులో ఏదో పిల్లల పత్రిక వాళ్ళు అడిగారట. వచ్చే సోమవారం కాక పై సోమవారం పోస్టులో వెయ్యాలి.

"నేను చదివి ఊఁ అంటేనే ఏస్తదంట," అంది సోమక్క. ఆ పుస్తకాన్ని వేడి గిన్నెలా చీరచెంగుతో పట్టుకుంది.

నేను చెయ్యి చాచాను. ఎగిరి గంతేయాలనిపించింది. "ఇటివ్వండి అక్కా, ఇప్పుడే మొదలుపెడదాం!"

ఆమె పుస్తకాన్ని వెనక్కి తీసుకుంది. "నీకు అస్సలు చూపించొద్దని ఒట్టు పెట్టించుకున్నది. నువ్వు ఎమ్మే అంట. తప్పులు పడతవంట."

నాకు రోషం వచ్చింది, నవ్వూ వచ్చింది. "అయితే నిజం చెప్పేయండి. లేదంటే బాగుందని ఊఁ అనేయండి."

"పదకొండు పుస్తకాలకు అబద్ధం ఆడిన. అవి ఎవరో రాసినయి. ఇది నా బిడ్డ రాసింది, దీనికి ఎట్ల ఆడాలె?" పుస్తకం అట్టను చెంగుతో తుడిచింది. "నిజం చెప్తే? అమ్మ ఏడాదంతా నాటకం ఆడిందని అనుకుంటది. మళ్ళ తిన్నవా, తిన్న కాడికే వస్తది. అది నేను ఓర్వలేను బిడ్డా."

అప్పుడే ఆమె అల్మరా మీది నుంచి ఒక పాత పెళ్ళికార్డు తీసింది. మధ్యలో బ్లేడుతో వేలిగోరంత కిటికీ కోసింది. నోటుపుస్తకం మీద కార్డు పరిచి నా ముందు పెట్టింది.

"ఇదేందో చెప్పు."

కిటికీలో ఒక్క అక్షరం. "శ," అన్నాను. ఆమె పక్కన కాగితం మీద హిందీలో అదే అక్షరం రాసుకుంది. కార్డు జరిపింది. "బ." మళ్ళీ జరిపింది. "రి. శబరి! అక్కా, శబరి గురించి రాసింది!"

ఆమె కార్డును చేత్తో మూసేసింది. "నువ్వు కలపొద్దు! అక్షరం చెప్పుడు నీ పని, కలుపుడు నా పని."

ఎం.ఏ. దాకా సాహిత్యం చదివిన నాకు అంత ఉత్కంఠ ఎప్పుడూ కలగలేదు. ఒక్కో అక్షరం వస్తోంది, నేను కలపకూడదు! వత్తులున్న అక్షరాలు కిటికీలో పట్టలేదు. ఆమె బ్లేడు తెచ్చి కిటికీని కిందికి పెంచింది. పక్క అక్షరం తోక కూడా కనబడేది. నేను దాని కోసం మెడ వంచితే చేతి మీద ఒక్కటి కొట్టేది.

మొదటి రోజు ఒక్క వరుసే అయింది. రెండో రోజు ఆమె వంటింటి గోడ మీద బొగ్గుతో రెండు నిలువు వరుసలు రాసింది, హిందీ అక్షరం పక్కన తెలుగు అక్షరం. నాలుగింటికి పిల్లలు వచ్చేలోపు తడిగుడ్డతో తుడిచేసేది. నాలుగో రోజు పప్పు మాడుతుంటే తుడవడం మరిచిపోయింది. పిల్లలు చూశారు. ఎవరూ పళ్ళికిలించలేదు. మా వైపు తెలుగు పిల్లలు నలుగురైదుగురు కంచాలు పట్టుకుని గోడ ముందే కూర్చున్నారు. "సోమక్కా, నా పేరు ఎట్ల రాస్తరు?" అని ఒకటే గొడవ. ఆ రోజు నుంచి గోడ తుడవలేదు.

ఆమెను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టినవి ఎత్వం, ఏత్వం. రెండూ ఆమె చెవికి తెలుసు, చేతికి తెలియవు. చివరికి తనే ఒక గుర్తు పెట్టుకుంది. "తోక పైకి లేచిందా, మేడ. తోక లేవలేదా, మెడ." గరిటె తిప్పుతూ అదే అనుకునేది. హుంగే కూడా నేర్చుకుని, అర్థం తెలియకుండానే రాగం తీసేది.

ఐదో రోజుకు నా అవసరం తగ్గింది. ఏడో రోజుకు రోజంతా కలిపి రెండు అక్షరాలకు పిలిచింది. నాకు కడుపు మండిపోయింది. ఎనిమిదో రోజు ఆమె చదువుతూ తనలో తనే "అయ్యో, దిగకే, దిగకే!" అనుకోవడం వంటింటి కిటికీ అవతల నుంచి విన్నాను. ఎవరు దిగకూడదో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో, ఎండబోసిన ఇప్పపువ్వు చాప పక్కన కూర్చుని ఉంది. పద్నాలుగో పేజీ. కళ్ళు పెద్దవయ్యాయి.

"బిడ్డా, ఇటు రా. ఈ ఒక్క అక్షరం చూడు."

వంగి చూశాను. కిటికీలో ఒక్క 'మె'. పక్కన ఇంకు చుక్క ఉంది.

"తోక లేచిందా?"

"లేదక్కా. అది ఇంకు మరక."

"మంచిగ చూడు. మెడేనా?"

"మెడే."

ఆమె వేలు పెట్టి, గట్టిగా, ఒక్కో మాటకు ఆగుతూ తనే చదివింది. "పిల్ల... తాత... మెడ... ఎక్కి... మూడు రోజులు... దిగలేదు." ఒట్టు సంగతి మరిచిపోయింది, నాకు వినిపించేసింది. "నా తప్పు! నా తప్పును కథ చేసిందే ఇది!"

వెంటనే తనే ఫోన్ చేసింది.

"ఏందమ్మా ఇంత పొద్దుగాల?" బిందు గొంతు నిద్రలో ఉంది.

"పద్నాలుగో పేజీల ఉన్న."

"ఇంకా పద్నాలుగేనా? పంపి తొమ్మిది దినాలాయె!"

"తొమ్మిది దినాల కింద నాకు తెలుగు అక్షరం ఒక్కటి రాదే." సోమక్క పెళ్ళికార్డును వేళ్ళ మధ్య తిప్పింది. "పదకొండు పుస్తకాలు సుశీల చదివింది, నేను విన్న. నీకు అబద్ధం చెప్పిన."

అవతల ఎక్కడో మిక్సీ తిరుగుతున్న చప్పుడు. అది ఆగింది.

"మరి ఈ పద్నాలుగు పేజీలు?"

"నేనే."

"సుశీలక్క?"

"కిటికీలకెళ్ళి అక్షరాలు చూసింది, అంతే."

"ఏం కిటికీ?"

"అది తర్వాత చెప్త. తాత మెడ అని రాసినవ్. నన్ను ఎక్కిరిస్తున్నవా?"

"ఎక్కిరించుడు కాదమ్మా!" ఇప్పుడు ఆ పిల్ల గొంతులో నిద్ర లేదు. "ఆ రోజు నువ్వు అట్ల అన్నంక నాకు కండ్లు మూసినా ఆ తాతే కనపడ్డడు. మూడు దినాలు పిల్లను మెడ మీద ఎవరైనా ఎందుకు మోస్తరు అని ఒకటే ఆలోచన. వరదొస్తే మోస్తరు! అట్లనే కథ మొదలైంది. నువ్వు తప్పు చదవకపోతే నాకు కథే లేదు."

"అంటే నీకు అప్పుడే తెలుసా, నేను చూసి చదువుతలేనని?"

"అనుమానం ఉండె. అద్దాలు లేనోళ్ళు అక్షరం వదిలేస్తరు గని, తాతను చంపరు."

సోమక్క నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. అంతలోనే నోటుపుస్తకం వెనక్కి తిప్పింది. "మూడో పేజీల తప్పున్నది. ఆ పిల్ల అన్నం దించంగనే తాతకు పెట్టిందని రాసినవ్. గంజి వార్చకుండ ఎట్ల పెడతది? దిద్దు."

"అబ్బా, అమ్మా! సరే. రేపు పోస్టుల ఎయ్యనా?"

"ఆగు. ఇంక ఎనిమిది పేజీలున్నయి. తాత దించుతడో లేదో తెల్వకుండ ఊఁ అని ఎట్ల అంట? పొద్దుగూకే లోపల ఫోన్ చేస్త."

"దించుతడా అంటే, చివర్ల ఏమైతదంటే—"

"నోరు ముయ్యి! చెప్పినవంటే ఊకోను!" ఫోన్ పెట్టేసింది. నా వైపు తిరిగింది. "నువ్వు ఇంటికి పో బిడ్డా. నేను చదువుకోవాలె."

రోజంతా నాకు ఏ పనీ తోచలేదు. గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరిగాను. ఇంకా ఎండ ఉండగానే సోమక్క మా వీధిలోకి వచ్చింది. నీలం నోటుపుస్తకం గుండెకు ఆనించి పట్టుకుంది. పెళ్ళికార్డు చేతిలో లేదు.

"ఊఁ అన్న," అంది.

నేను గుమ్మం దిగి ఎదురెళ్ళాను. "దించాడా అక్కా? తాత దించాడా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పత్రికల వచ్చినంక చదువుకో."